నారాయణమ్మ దిద్దించిన పేజీ

నారాయణమ్మకు చదవడం రాదు. అరవై మూడేళ్ళు వచ్చేదాకా దానివల్ల ఆమెకు పెద్ద ఇబ్బందేమీ కలగలేదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం దగ్గర గార చుట్టుపక్కల రైతుల ఊళ్ళన్నీ నలభై ఏళ్ళు తిరిగింది. ఏ ఇంట్లో ఏ చేప తింటారో, ఏ ఇంట్లో కార్తీకమాసం ఎన్నాళ్ళు పాటిస్తారో అంతా ఆమెకు నోటి లెక్కే. మోకాళ్ళు అరిగాక గంప మానేసి, గుల్లలపేట ఒడ్డునే కూర్చుని ఎండుచేప అమ్ముతోంది.

భర్త అప్పలసూరిని సముద్రం తీసుకుని పదమూడేళ్ళయింది. ఒక్కడే కొడుకు ధర్మేంద్ర. కోడలు రేఖ రొయ్యల కంపెనీలో పనికి వెళ్తుంది. మనవరాలు శ్రావణి ఇంటర్ రెండో ఏడు. ధర్మేంద్ర మంచివాడే. వేటకు వెళ్ళినన్నాళ్ళు బాగానే ఉంటాడు. ఒడ్డుకు వచ్చిన రోజున తాగుతాడు. తాగితే పోట్లాడడు, మంచం మీద పడుకుని పైకప్పు చూస్తాడు. అదే నారాయణమ్మకు బెంగ. తిట్టడానికి కూడా ఓపిక లేని రోజులు ఎక్కువయ్యాయి.

ఆ ఏడు శ్రీకాకుళంలో సాహిత్య సంబరాలు పెడుతున్నారని శ్రావణి కాలేజీకి కబురొచ్చింది. మూడు రోజులు రచయితల ప్రసంగాలు. ఆఖరి రోజు ఆదివారం మధ్యాహ్నం ఒక్కో కుటుంబం ఇంటిల్లిపాదీ వేదిక ఎక్కి తమకు నచ్చిన పుస్తకంలోంచి ఒక పేజీ చదవాలి. వాళ్ళ తెలుగు మేడమ్ శ్రావణి చేతిలో ఒక నవల పెట్టి, ఇది మీ ఊరి గురించే, మీవాళ్ళు చదివితే బాగుంటుంది, పుస్తకం నువ్వే ఉంచుకో అంది.

రాసినాయన పేరు వినగానే నారాయణమ్మకు గుర్తొచ్చింది. ఉమాశంకర్. విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం చేసేవాడు. తిత్లీ తుపాను వచ్చిన ఏడు ఊళ్ళోకి వచ్చి, ఎవరింట్లోనూ చోటు లేకపోతే వీళ్ళ వసారాలో నాలుగు రోజులు పడుకున్నాడు. ఆమె పెట్టిన చేపల పులుసు తిని, ఆమె చెప్పినదల్లా నోటుబుక్కులో రాసుకున్నాడు.

వారం రోజులపాటు సాయంత్రం పూట అరుగు మీద శ్రావణి చదివింది, అత్తాకోడళ్ళు విన్నారు. తమ వీధి, తమ ఇసుక, తమ మాటలు పుస్తకంలో కనిపిస్తుంటే రేఖ నవ్వు ఆపుకోలేకపోయేది. పద్నాలుగో అధ్యాయం దగ్గర శ్రావణి గొంతు తగ్గింది. నారాయణమ్మ ఆపొద్దంది.

అందులో రాములు అనే మనిషి ఉన్నాడు. అతని బోటు ముందు భాగాన రెండు చేపల బొమ్మ ఉంది. పొద్దున్నుంచీ తాగి, సముద్రాన్నే తిట్టి, ఎవరు ఆపినా వినక ఆ బోటు తోసుకుపోయి మునిగిపోతాడు. ఊళ్ళో రెండు చేపల బొమ్మ ఉన్న బోటు ఒక్క అప్పలసూరిదే.

మంచం మీద పడుకున్న ధర్మేంద్ర అంతా విన్నాడు. మూడో రోజున తాగి వస్తే తల్లి రెండు మాటలంది. అప్పుడు అన్నాడు.

"మా నాన్న తాగే పోనాడట కదా. పుస్తకంలోనే అచ్చేసినారు. నువ్వు నాకు ఇన్నాళ్ళూ దాసినావు."

తండ్రి పోయిన రోజున అతను గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద పనిలో ఉన్నాడు. రైళ్ళు మారి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. అతనికి తెలిసింది తల్లి చెప్పిందే. ఇప్పుడు తల్లి మాటకు ఎదురుగా అచ్చులో ఉన్న మాట నిలబడింది. నారాయణమ్మ మళ్ళీ చెప్పబోయి ఊరుకుంది. ఆ రోజు ఏం జరిగిందో పోలీసులకు చెప్పింది, చేపల ఆఫీసులో చెప్పింది, ఓదార్చడానికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పింది, ఉమాశంకర్‌కూ చెప్పింది. చెప్పి చెప్పి ఆమె నోట్లో ఆ మాటలు ఎండిపోయాయి. కానీ ఈసారి చెప్పాల్సింది కొడుక్కి కాదని ఆమెకు తోచింది.

ఉమాశంకర్ ప్రసంగం కూడా ఆదివారమే. ఆ పొద్దున్నే శ్రావణిని వెంటబెట్టుకుని బయల్దేరింది. రేఖకు సెలవు దొరకలేదు. ధర్మేంద్ర రానన్నాడు. గార వరకు ఆటో, అక్కడి నుంచి బస్సు. అరసవల్లి దగ్గర సూర్యుడి గుడికి వచ్చిన జనంతో, ఆటోలతో బస్సు అరగంట కదలలేదు. మనవరాలి భుజం మీద తలవాల్చి నారాయణమ్మ కునికిపాట్లు పడింది.

సంబరాలు ఒక కళ్యాణమండపంలో పెట్టారు. సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నిర్వహిస్తున్న జగన్నాధం మాస్టారు మూడు రోజులుగా మైకులో మాట్లాడి మాట్లాడి గొంతు పోగొట్టుకుని, సైగలతోనే మనుషుల్ని కూర్చోబెడుతున్నాడు. వేదిక మీద ఉమాశంకర్ తన నవల గురించి చెబుతున్నాడు. జుట్టు పలచబడింది, మనిషి వంగాడు. ఆ ఊరి మనుషులు తనకు అన్నం పెట్టారనీ, వాళ్ళ బతుకును ఉన్నదున్నట్టు రాయడానికి ప్రయత్నించాననీ అన్నాడు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. నారాయణమ్మ చెయ్యెత్తింది. మైకు ఆమె దగ్గరకు వచ్చింది.

"బాబూ, మా వసారాలో నాల్రోజులు పడుకున్నావు. గుర్తున్నాదా?"

ఉమాశంకర్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"మాయన పేరు మార్సినావు. ఊరు మార్సలేదు, బోటు మీద సేపల బొమ్మ మార్సలేదు. మావోలికి తెలీదేటి, అది ఎవులో? తాగి ఎల్లినాడని రాసినావు. నాను నీకు అలాగ సెప్పినానా?"

ఉమాశంకర్ నవల అంటే కల్పన అనో ఏదో మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాడు. జగన్నాధం మాస్టారు గడియారం చూపించి టీకి విరామం అని సైగ చేశాడు. జనం లేచారు. ఉమాశంకర్ మెట్లు దిగి ఆమె దగ్గరకే వచ్చి, పక్క కుర్చీలో కూలబడ్డాడు.

చాలాసేపు తన ఆరోగ్యం గురించి, రిటైరైన సంగతి గురించి చెప్పాడు. ఐదు వందల కాపీలు వేస్తే సగానికి పైగా తన మంచం కిందే ఉన్నాయన్నాడు. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చాడు. మొదట ఆమె చెప్పినట్టే రాశాడట. చదివిన స్నేహితులు పెదవి విరిచారట.

"తమ్ముణ్ణి కాపాడబోయి అన్న చనిపోయాడంటే సినిమాలా ఉందన్నారమ్మా. నమ్మేలా లేదన్నారు. తాగినవాడైతే నమ్ముతారని మార్చాను."

"మరి నిజం అదే కదా, బాబూ."

"అవునమ్మా."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఎదుటి మనిషి కూడా తనలాగే అలిసిపోయి ఉన్నాడు.

"తాగడని నాను అన్ను. తాగీవోడు. పండగలకి తాగీవోడు, సేపలు బాగా పడితే తాగీవోడు. ఆరోజు తాగలేదు. అన్నం కాడ కూకున్నాడు. తమ్ముడు జోగయ్య తెప్ప బోర్లా పడిందని ఎవులో కేకేసినారు. ముద్ద నోట్లో ఎట్టుకోకుండా లేసిపోనాడు. నా కొడుకు ఇప్పుడు మా నానలాగే తాగతన్నానంటన్నాడు."

ఉమాశంకర్ శ్రావణి చేతిలో ఉన్న పుస్తకం తీసుకుని పద్నాలుగో అధ్యాయం తెరిచాడు. ఆ పేరా మొత్తం కొట్టేస్తానన్నాడు. నారాయణమ్మ వద్దంది.

"కొట్టీకు. నువ్వు కష్టపడి రాసుకున్నావు. కిందని రాయి."

ఏం రాయాలో ఆమె చెప్పింది, అతను రాశాడు. నేను రాములు అని రాసిన మనిషి అసలు పేరు చోడిపల్లి అప్పలసూరి. ఆ రోజు అతను తాగలేదు. అన్నం ముందు నుంచి లేచి, మునుగుతున్న తమ్ముణ్ణి తేవడానికి వెళ్ళాడు. తమ్ముడు బతికాడు. ఇది నేను విన్న నిజం. కింద సంతకం, తేదీ.

మధ్యాహ్నం కుటుంబాల చదువు మొదలైంది. వీళ్ళకు ముందు ఒక తండ్రీ ఇద్దరు కూతుళ్ళూ పిల్లల కథ చదివి అందరినీ నవ్వించారు. తర్వాత నాయనమ్మా మనవరాలూ ఎక్కారు. శ్రావణి అచ్చులో ఉన్న పేజీ మొత్తం తడబడకుండా చదివింది. తర్వాత కింద చేత్తో రాసింది చదివింది. నారాయణమ్మ పక్కన నిలబడి ఉంది. చప్పట్లు ఆలస్యంగా, చెదురుమదురుగా వచ్చాయి. జగన్నాధం మాస్టారు లేని గొంతుతో తర్వాతి కుటుంబాన్ని పిలిచాడు.

వాళ్ళు బయటికి వచ్చేసరికి ఉమాశంకర్ పుస్తకాల బల్ల దగ్గర ఉన్నాడు. అమ్మకానికి పెట్టిన తన నవలలు తొమ్మిది ముందేసుకుని, ఒక్కోదానిలో అదే పేజీ తీసి అవే వాక్యాలు రాస్తున్నాడు. ఆరో పుస్తకానికి వేళ్ళు పట్టేశాయి కాబోలు, చెయ్యి విదిలించుకున్నాడు. నారాయణమ్మ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. ఇప్పటికే అమ్ముడుపోయిన వాటి సంగతేమిటని శ్రావణి అడిగింది. వాటిని తానేం చేయలేనన్నాడతను. మంచం కింద ఉన్నవాటిలో మాత్రం రాస్తానన్నాడు. రోజుకు పదేసి.

"తొందర లేదులే, బాబూ," అంది నారాయణమ్మ.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. ధర్మేంద్ర అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. శ్రావణి పుస్తకం తెరిచి తండ్రి పక్కన పెట్టి లోపలికి పోయింది. అతను చాలాసేపటికి గాని దాన్ని తీసుకోలేదు. తీసుకుని, ఒక్కో మాటా పెదవులు కదుపుతూ చదివాడు. నారాయణమ్మ కాళ్ళు చాపుకుని గుమ్మంలో కూర్చుని చూసింది. అతను తలెత్తకుండానే అడిగాడు.

"ఆరోజు ఏం కూర?"

పదమూడేళ్ళలో పోలీసులు గాని, ఆఫీసువాళ్ళు గాని, చుట్టాలు గాని, రచయిత గాని ఎవరూ అడగని మాట అది.

"కవ్వళ్ళ సేపల పులుసు," అంది. "మొదటి ముద్ద కలిపినాడు."

ధర్మేంద్ర పుస్తకం మూశాడు. ఆ తర్వాత అతను తాగుడు మానేశాడని చెప్పడానికి లేదు. పది రోజులకే, చేపలు బాగా పడ్డ రోజున, తాగే వచ్చాడు. కానీ తండ్రి తాగుడు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె కూడా ఆ రోజున తిట్టలేదు, అన్నం పెట్టి, అతను తినేదాకా ఎదురుగా కూర్చుంది.