ఫ్రీజర్‌లో మిగిలిన ముక్క

ఈ రోజు పొద్దున ఆసుపత్రి పరిశోధన విభాగం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నా భార్య సుజాత బతికుండగా ఆమెకు ఆపరేషన్ చేసి తీసిన కణితిలో చిన్న ముక్క ఇంకా వాళ్ల ఫ్రీజర్‌లో ఉందట. దాన్ని నూరి, అందులోని ప్రొటీన్లను ఎంజైమ్‌తో తుంచి, ఆ తునకలను యంత్రంలో తూచి, ఏయే ప్రొటీన్లు ఉన్నాయో గుర్తిస్తారట. మందు ఆమెకు ఎందుకు పనిచేయలేదో దాంతో తెలియవచ్చునంది. ముక్క మొత్తం అయిపోతుంది, ఒప్పుకుంటారా అని అడిగింది.

సుజాత వాళ్లమ్మను అడగకుండా ఒప్పుకోలేకపోయాను. మధ్యాహ్నం లింబాయత్‌లో ఆమె ఇంటికి వెళ్లి చెప్పాను.

"బూడిదంత తాపీ నదిల కలిపినమంటివి గద అల్లుడా! మరి గిదేంది? బతికుండంగ కోసిండ్రు, సచ్చినంక గూడ కోస్తరా?"

"ఇంకొకరికి పనికొస్తది అత్తమ్మా."

ఆమె లేచి సుజాత ఫొటోను కొంగుతో తుడిచింది.

"సరే, ఇయ్యి. గని మిగిలింది నాకు తెచ్చియ్యి. తాపీల కలుపుత."

"ఏం మిగలదు అత్తమ్మా."

"అయితె అది పెట్టిన సీసన్న తే. ఆ నీళ్లల్లనే కడుగుత."

సాయంత్రం ఫోన్ చేసి ఒప్పుకున్నాను, సీసా సంగతీ అడిగాను. ఖాళీ సీసా బయటికి ఇవ్వరట. ఆసుపత్రి చెత్తతో పాటు కాల్చేస్తారట. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

ఇంటికి వస్తూ మందుల షాపులో అలాంటి చిన్న సీసా ఒకటి కొన్నాను. దాన్ని ఎదురుగా పెట్టుకునే ఇది రాస్తున్నాను. అత్తమ్మ చేతికి ఈ సీసానే ఇచ్చేయాలా, నిజం చెప్పాలా? మీరైతే ఏం చేస్తారు?