పాలల్లో దిగే మందు

పోలీస్ యాక్షన్ నాటికి నేను సికింద్రాబాద్‌లో ఒక చిన్న దవాఖానాలో నర్సును. మందు తీసుకెళ్లి కూడా మింగని మొండి రోగుల ఇళ్లకు వెళ్లి, దగ్గరుండి మింగించి రావడం నా పని. నోరు గట్టిదని ఆ పని నాకే అంటగట్టారు.

మారేడ్‌పల్లిలో రవికలు కుట్టి బతికే ఒక ముస్లిం ఇల్లాలికి కీళ్లవాతం. మందు మొదలుపెట్టాక వేళ్ల వాపు తీసి, మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. మధ్యలో ఆపితే వేళ్లు వంకర్లు పోతాయని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అలాంటిది, గొడవలు సద్దుమణిగాక వెళ్లి చూద్దును కదా, వేళ్లు మళ్లీ ఉబ్బి ఉన్నాయి. మందు పొట్లాలు విప్పకుండా గూట్లో పడి ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందమ్మా ఇది? ప్రాణం మీద తీపి లేదా?" అని మీదపడ్డాను.

ఆమె పరదా పక్కకు తీసింది. ఉయ్యాలలో ఒక పసిగుడ్డు. ఆమెకున్నది ఒక్కతే కూతురు, అది అప్పటికే ఇల్లంతా పరుగెడుతోంది. ఈ బిడ్డ ఎవరని అడిగాను.

"పక్కింటోళ్ల పిలగాడమ్మా. లడాయి నడుస్తుంటెనే పుట్టిండు. తల్లి కాన్పుల్నే పోయింది. తండ్రి బెజవాడ దిక్కు చిక్కిండు, రైళ్లు బందయినయ్. మా బిడ్డ పాలిడిసినా నాకింకా పాలుండె, ఇచ్చిన. మందు పాలల్ల దిగుతది గద, అందుకే బంద్ చేసిన."

"మేకపాలు పట్టియ్యి. నీ చేతులు పోతయ్!"

"మా మతంల పాలిస్తే కన్నట్టే అమ్మా. కన్నకొడుకైతే చేతులు చూసుకుంటమా?"

చలికాలం దాటాక తండ్రి, నానమ్మ వచ్చారు. ఆ పూట నేను అక్కడే ఉన్నాను. ముసలమ్మ పిల్లవాడిని ఆమె చేతుల్లోంచి అందుకోలేదు. వాకిట్లో దింపించి, పసుపునీళ్లు పోసి కడిగి, అప్పుడు ఎత్తుకుంది. అంత నోరుండీ ఒక్క మాట పెగల్లేదు. ఆ పాలతోనే కదా వాడు బతికింది! ఆ ముసలమ్మ మా మతంది కాకుంటే బాగుండునని సిగ్గుతో చచ్చాను. తండ్రి తల వంచుకుని నిలబడ్డాడు.

పాలిచ్చినామె గొడవేం పడలేదు. పిల్లవాడి చొక్కా ముడి వేయబోయింది. వేళ్లు మాట వినలేదు. ముడి ముసలమ్మే వేసింది.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా చూసి, గడపలో కూలబడి, వంకర తిరిగిన చెయ్యి నా ముందు చాపింది.

"ఇప్పుడియ్యమ్మా మందు," అంది.

ఇచ్చాను. వాపు తగ్గింది కానీ వేళ్లు అలాగే ఉండిపోయాయి. ఆ వేసవిలో మిషన్ అమ్మేసింది.