రెండో సెటప్

ఆ రోజుల్లో ఫ్రీమాంట్‌లో హెచ్-వన్ వీసా మీద ఉన్న ప్రతి బ్రహ్మచారికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. ఒకడు మెడకి దిండంత కెమెరా తగిలించుకుని చెరువు గట్టున బాతుల్ని ఫొటోలు తీసేవాడు, ఇంకొకడు గిటార్ కొని బిల్డింగ్ మొత్తానికి మనశ్శాంతి లేకుండా చేసేవాడు. వారమంతా ఎవడో రాసిన కోడ్‌లో తప్పులు ఏరే మనిషికి శనివారమైనా తన తప్పులు తను చేసుకోవాలనిపిస్తుంది కదా! నా పిచ్చి స్కీయింగ్. తెనాలి ఎండల్లో పుట్టి పెరిగి, ఫ్రిజ్‌లో ఐస్ ట్రే తప్ప మంచు మొహం ఎరగనివాడివి, కాళ్ళకి రెండు పొడుగాటి చెక్కలు బిగించుకుని కొండ మీంచి జారడమేమిట్రా అని మా అమ్మ అడుగుతూనే ఉండేది. కొందరికి పేకాట, నాకిది. అంతే.

మొదటి ఉద్యోగం ఈస్ట్ కోస్ట్‌లో చేశాను. అక్కడ మా ఊరి పక్క గుట్ట మీద వాళ్ళు మంచు అని పిలిచేది నిజానికి నాపరాయి. దాన్ని కోసుకుంటూ తిరగాలంటే సన్నగా, గట్టిగా, అంచులు పదునుగా ఉండే స్కీస్ కావాలి. అలాంటి జతే కొనుక్కుని, రెండు చలికాలాలు జారి, నా అంతవాడు లేడని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. తర్వాత ప్రాజెక్ట్ మారి కాలిఫోర్నియాలో ఈ ఫ్రీమాంట్‌కి వచ్చిపడ్డాను. మొదటి మంచు తుఫాను వెలవగానే టాహో కొండలకి డ్రైవ్ చేసుకుని వెళ్ళి, మోకాలి లోతు కొత్త మంచులోకి హీరోలా దూకాను. నా సన్న చెక్కలు ఇడ్లీ పిండిలో గరిటెల్లా దిగబడిపోయాయి. అవి అక్కడే ఆగాయి, నేను ఆగలేదు. తల పైకెత్తేసరికి వేలెడంత తెల్లపిల్ల ఒకతె నా పక్కన ఆగి, "ఆర్ యూ ఓకే, మిస్టర్?" అంటూ నా టోపీ అందించింది. (ఓకే అన్నాను. నోట్లో మంచు ఉండటంతో సరిగ్గా వినపడలేదనుకుంటాను.)

ఆ దృశ్యం కళ్ళారా చూసినవాడు మా ఆఫీస్ సీనియర్, వరంగల్ ఆయన. కొండ కనిపిస్తే ఆగలేడు కనుక మేమంతా కొండన్న అనేవాళ్ళం. "ఏంది రా, గా సన్నదానితోని ఈడ ఏమైతది? గది రాళ్ళ మీదికే! నీకు సెకండ్ సెటప్ గావాలె," అని తీర్పు చెప్పాడు. స్కీస్, వాటి మీద బూటుని పట్టుకునే బిగింపులు, మొత్తం కలిపి ఆ పిచ్చివాళ్ళ భాషలో సెటప్. (మా గుంటూరు జిల్లాలో సెటప్ అంటే చిన్నిల్లు. తెలిసినవాళ్ళు ఇప్పుడే నవ్వేయకండి.)

ఆ రెండో జత కోసం నేను పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. టాహో మంచుకి ఒక మాట మీద నిలబడే అలవాటు లేదు. పొద్దున్న రాయి, మధ్యాహ్నానికి పెరుగన్నం, చెట్ల మధ్యకి వెళ్తే తడి సిమెంటు. చెక్క మధ్యభాగాన్ని నడుము అంటారు. నడుము బాగా వెడల్పయితే కొత్త మంచు మీద హాయిగా తేలుతుంది, కానీ పొద్దున్న రాయి మీద తిప్పుదామంటే మొండికేస్తుంది. మధ్యస్థంగా తీసుకుంటే రెంటికీ చెడుతుందేమోనని భయం. షాపులన్నీ తిరిగాను, కనపడ్డవాడినల్లా అడిగాను, ఒకటి ఖాయం చేసుకుని పొద్దున్న లేచేసరికి మనసు మార్చుకున్నాను. "పెండ్లికి గూడ గింత సోంచాయించరు రా," అని కొండన్న విసుక్కున్నాడు.

పెళ్ళి సంగతీ అప్పుడే వచ్చింది. అమ్మ చూసిన సంబంధం, అమెరికాకి ఆ చివర, క్యారీ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. ముచ్చటగా మూడుసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. మూడోసారి ఫోన్ పెట్టేశాక అద్దంలో చూసుకుంటే నా మొహం వెర్రివాడిలా నవ్వుతోంది. ఇందులో దాచేదేముంది, ఆ అమ్మాయి నాకు విపరీతంగా నచ్చేసింది. వెంటనే అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. ఇక మిగిలిందల్లా వాళ్ళ మేనమామ తనిఖీ. ఆయన ఎప్పుడో వచ్చి స్థిరపడిన డాక్టరు, మా ఇంటికి పది నిమిషాల దూరం. ఆయన ఊ అంటే పెళ్ళి, ఊహూ అంటే లేదు.

ఆదివారం సాయంత్రం వచ్చారు. గోత్రం దగ్గర్నుంచి గ్రీన్ కార్డ్ దాకా అన్నీ అడిగి, "అల్లం టీ పెట్టగలవుటయ్యా?" అన్నారు ప్రసన్నంగా. నేను వంటింట్లో అల్లం దంచుతుండగా కొండన్న ఫోన్. చేతులు ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టాను. అక్కడే నా ఖర్మ కాలింది.

"అరే, దొరికింది రా నీకు! జల్ది చెప్పు, ఇంకొకడు జూస్తుండు."

"నడుమెలా ఉందన్నా?"

"నీ పాతదాని కన్నా మస్తు వెడల్పు. అట్లని మరీ లావు గాదు."

"పొడుగు?"

"నీ పక్కన నిలబెడితే గడ్డం దాటుతది. కొత్తది గాదు, ఒక్క సీజన్ నడిచింది. ఏం గాలె, నిగనిగలాడుతున్నది."

"కొత్తదే కావాలన్న పట్టింపు నాకు లేదులే."

"మరి పాతదాన్ని ఇడిసిపెడ్తవా?"

"ఛఛ! గట్టి చోట దానికదే సాటి. రెండూ ఉంటాయి. వాతావరణాన్ని బట్టి ఏదో ఒకదాన్ని తీసుకెళ్తా."

"పెండ్లయినంక గూడనా?"

"అయితే ఏం? వచ్చే ఆవిడకి ముందే చెప్పేస్తా. సర్దుకుంటుంది."

"ఇగేంది, నీ సెకండ్ సెటప్ ఖాయం!"

టీ కప్పులతో హాల్లోకి వచ్చేసరికి మామయ్యగారు బూట్లు తొడుక్కుని గుమ్మంలో ఉన్నారు. "నాకు టీ పడదు," అని వెళ్ళిపోయారు. డాక్టరుగారు కదా, అర్జెంటు కేసేదో వచ్చిందనుకున్నాను.

ఆ కేసు నేనేనని మర్నాడు అమ్మ ఫోన్ చేస్తే తెలిసింది. "ఒరేయ్, పరువు తీశావు కదరా! ఒకత్తి చాలక రెండోదా!" అని ఏడుపు. "అమ్మా, అవి చెక్కలే," అన్నాను. "చెక్కలకి నడుమేమిట్రా అప్రాచ్యుడా!" అంది. వెనకనుంచి నాన్న గొంతు: "రెండోదాని సంగతి తర్వాత, ముందు ఆ మొదటిది ఎవరో కనుక్కోవే!"

లాభం లేదని, రెండు జతలూ భుజాన వేసుకుని డాక్టరుగారింటికి వెళ్ళాను. (అవును, కొండన్న కొనేశాడు.) ఆయన కళ్ళజోడు పెట్టుకుని, అత్తయ్యగారి కుట్టుమిషన్ టేపు తెప్పించి, రెండింటి నడుములూ స్వయంగా కొలిచారు. "గడ్డం దాటుతుందన్నాడుగా, నిలబడు," అన్నారు. నిలబడ్డాను. దాటింది. అత్తయ్యగారు నవ్వలేక సోఫాలో కూలబడ్డారు. ఆయన మాత్రం నవ్వలేదు. "అంతా బానే ఉంది గానీ అబ్బాయ్, 'వచ్చే ఆవిడ సర్దుకుంటుంది' అన్నావే, అది చెక్కల గురించి కాదుగా?" అన్నారు.

నా దగ్గర కొలిచి చూపించడానికి ఇంకేమీ లేదు.

ఆ రాత్రి క్యారీ నుంచి ఫోన్ వచ్చింది. "సర్దుకుంటానని మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదండీ. నాకు నోరెక్కువ."

ఇక అయిపోయింది, ఈ గొంతు మళ్ళీ వినను అనుకుని నిజంగా బెంగపడ్డాను. అప్పుడు అడిగింది: "రెండు చెక్కలు ఎంచుకోవడానికి చలికాలమంతా ఆలోచించారట. మూడు ఫోన్లకే నేను కావాలని మీ అమ్మగారితో ఎలా చెప్పేశారు?"

"చెక్కలు నచ్చకపోతే మార్చుకోవచ్చండీ. మీరు కాదంటే మాత్రం ఏం చెయ్యాలో నాకు తోచలేదు. అందుకే వెంటనే చెప్పేశాను," అన్నాను. ముందుగా అనుకుని అన్నది కాదు, భయంలో వచ్చేసింది.

పెళ్ళయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ నేను రెస్టారెంట్‌లో మెనూ పట్టుకుని పావుగంటైనా తేల్చుకోలేను, చివరికి నాకేం కావాలో కూడా ఆవిడే ఆర్డర్ చేస్తుంది. మొన్న అలా కూర్చున్నప్పుడు ఆ రోజు ఫోన్‌లో నోరు జారిన కుర్రాణ్ణి, అంటే నన్నే, తలుచుకుని ముచ్చటేసింది. "చూశావా, జన్మలో ఆలోచించకుండా మంచి పని చేసింది నిన్ను చేసుకుంటానన్న ఆ ఒక్కసారే," అన్నాను గర్వంగా. ఆవిడ మెనూ మూసి, నా చెయ్యి మీద చెయ్యి వేసి, "ఆ రోజు ఆలోచించుకోవాల్సింది మీరు కాదండీ, నేను," అంది.