సుబ్రమణ్యం బొటనవేలు

ఆదోనిలో ముప్పై ఏళ్లుగా పత్తి వ్యాపారం చేస్తున్న సుబ్రమణ్యం ఎక్కడ పత్తి కనిపించినా ఊరుకోడు. దేవుడి వత్తయినా, పరుపు చిరుగులోంచి తొంగిచూసే దూదైనా చిటికెడు లాగి, రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి పింజ పొడవు చెప్పాల్సిందే. సరిగ్గా ఆ భంగిమలోనే నాయనను తన మొదటి యాక్షన్ ఫిగర్‌గా, అంటే కాళ్లూ చేతులూ కదిలే బొమ్మగా, చేయాలని కూతురు కన్యక ఆయనకు చెప్పకుండానే పూనుకుంది. పాత సైనికుడి బొమ్మను వేణ్నీళ్లలో నానబెట్టి చేతులు ఊడదీసింది. తుపాకీ పట్టిన వేళ్లు కోసేసి, ఆరితే రాయిలా గట్టిపడే ఎపాక్సీ ముద్దతో కొత్తవి చేసింది. రెండుసార్లు విరిగాయి. మూడోసారి నిలిచేసరికి డబ్బాలో ఒక్క వేలికి సరిపడా ముద్దే మిగిలింది. వేళ్ల మధ్య నిజం పత్తి అతికించి, ఆరడానికి కిటికీలో పెట్టింది. గంటయినా కాకముందే సుబ్రమణ్యం వచ్చి కిటికీ దగ్గర ఆగాడు. చెయ్యి లేచింది.

“నాయనా, ముట్టుకోవద్దు! ఇంగా ఆరలేదు!”

అప్పటికే లాగేశాడు. పత్తితోపాటు బొమ్మ బొటనవేలూ ఊడొచ్చింది. కన్యక పరుగెత్తుకొచ్చింది. ఆయన ఆ పత్తిని సాగదీయలేదు. బొమ్మ చేతులకేసి, తన చేతులకేసి మార్చి మార్చి చూసుకున్నాడు.

“ఇది నేనే గదమ్మా?”

ఆమె తలూపింది. సుబ్రమణ్యం కుర్చీ లాక్కుని కూర్చుని, తన బొటనవేలు ఆమె ముందు చాపాడు.

“పొట్టిగా చేసినావు. కొలత తీసుకో.”