చెయ్యి తిరగాలక్కా

మా అమ్మాయి పదో పుట్టినరోజు ఇంకో ఇరవై రోజుల్లో ఉందనగా, ఒంటిపూట బడి నుంచి వచ్చి అన్నం తింటూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"అమ్మా, ఈసారి కప్ కేకులు పిన్ని చేత చేయిద్దామా? మా క్లాసులో అందరూ పూలవే తెమ్మంటున్నారు."

పిన్ని అంటే నా తోడికోడలు. నరసరావుపేటలో మా ఇంట్లోనే పై వాటాలో ఉంటుంది. అంతకుముందు తొమ్మిది పుట్టినరోజులకూ కేకు చేసింది నేను. కుక్కర్లో ఇసుక పోసి చేశాను. కొన్ని పక్కకు ఒరిగాయి, కొన్నిటికి అడుగు మాడింది, అయినా ఒక్క ఏడాది కూడా బయట కేకు నా కూతురి ముందు పెట్టలేదు. ఆ తొమ్మిదీ దానికి గుర్తు లేవు. ఈసారీ నేనే చేస్తానని, పూలతోనే చేస్తానని చెప్పాను. నీకు రాదుగా అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టు అంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నా తోడికోడలిది సత్తెనపల్లి. పై వాటా గృహప్రవేశం రోజున తెల్లవారుజామునే లేచి వాళ్ళ గుమ్మం ముందు ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేశాను. వచ్చేవాళ్ళు తొక్కి చెరిపేస్తారని ఆమె దాని మీద పట్టా పరిచింది. చెరగకుండా కాపాడానని అందరికీ చెప్పుకుంది. ముగ్గును పట్టా కింద దాచే మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. ఆరేళ్ళయింది. నేను మరిచిపోలేదు.

పోయిన ఏడాది ఆమె గుంటూరు వెళ్ళి నాలుగు రోజులు కేకుల క్లాసులో కూర్చుని వచ్చింది. అప్పటి నుంచి మెట్లెక్కే వాళ్ళంతా ఆమె కోసమే. మా అత్తగారు పన్నెండేళ్ళలో నా వంటకు ఇచ్చిన పెద్ద మెప్పు ఉప్పు సరిపోయిందనడం. ఆవిడే పై నుంచి వచ్చిన కప్ కేకును అరచేతిలో పెట్టుకుని పక్కింటావిడకు చూపిస్తూ, "నిజం గులాబీ అనుకున్నానమ్మా, తుంచి జళ్ళో పెట్టుకోబోయా" అంది. నేను అక్కడే చిక్కుడుకాయలు వలుస్తున్నాను. ఒక్కసారి కూడా తలెత్తలేదు గాని, ప్రతి అక్షరం విన్నాను.

సరే, మొదలుపెట్టాను. బటర్ క్రీమ్ అంటే వెన్నా పంచదార పొడే కదా అని ఇంట్లో చిలికిన గేదె వెన్నతోనే చేశాను. మజ్జిగ వాసన వచ్చింది, కాసేపటికి అంచుల్లోంచి నీరు దిగింది. మా అత్తగారు వేలితో తీసి నాకి, చక్కగా రొట్టె మీద వేసుకునే వెన్నను ఎందుకు పాడుచేశావని అడిగింది. తరువాత షాపు నుంచి ఉప్పు లేని వెన్న తెచ్చాను. ఫోన్లో చూసిన వీడియోలో ఒకావిడ వెన్నను గది వేడిలో అరగంట ఉంచమంది. ఆవిడ గది ఎక్కడుందో నాకు తెలియదు. ఏప్రిల్లో మా గదిలో అరగంటకు అది నూనె అయింది. ఫ్రిజ్జులో పెట్టి తీస్తూ, పెట్టి తీస్తూ, క్రీమును దారికి తెచ్చుకోవడానికే వారం పట్టింది.

క్రీము కుదిరింది గాని పువ్వు రాలేదు. గులాబీ చేయడానికి మేకు లాంటిది ఒకటుంటుంది, దాని తల రూపాయి బిళ్ళ కంటే వెడల్పు. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని, కుడి చేతిలో గోరింటాకు కోను లాంటి క్రీము బ్యాగును నొక్కుతూ ఆ తల మీద రేకులు చుట్టాలి. నాకిది కష్టం కాకూడదు. ఈ వీధిలో ఎవరింట పెళ్ళయినా ముగ్గుకు పిలుపు నాకే వస్తుంది. నా వేళ్ళ మధ్య నుంచి పిండి జారితే గీత తెగదు. ముగ్గులో నేల కదలదు, చెయ్యే తిరుగుతుంది. అలాగే మేకును గట్టిగా పట్టుకుని దాని చుట్టూ కుడి చేతిని తిప్పాను. సగం చుట్టు తిరిగేసరికి మణికట్టు మడతపడేది, రేకు చిరిగేది. పదో రోజున మా అత్తగారు పళ్ళెంలోకి తొంగి చూసి, "క్యాబేజీలు చేశావేందే?" అంది. వెటకారం కాదు, ఆవిడకు నిజంగానే అలా కనపడింది.

ఇక లాభం లేదని మెట్లెక్కాను. ఆ మెట్లు ఎక్కడం నాకెంత కష్టమో రాసి చెప్పలేను. నా తోడికోడలు గిన్నెలు కడుగుతోంది. ఏదో మాటల్లో మాటగా, గులాబీ అంత గుండ్రంగా ఎలా వస్తుందని అడిగాను. చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఆమె చెప్పింది.

"ఏం లేదక్కా. చెయ్యి తిరగాలి, అంతే."

ఇంతలో ఫోను మోగింది, లోపలికి వెళ్ళిపోయింది.

చెయ్యి తిరగాలట. అంటే నాకు పనితనం లేదని. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు కళ్ళు మూసుకుని వేసేదాన్ని పట్టుకుని ఆ మాట అంది. పట్టా పరచడం కంటే ఇది పెద్దది. మా ఆయనకు చెబితే, ఏ గొంతుతో అంది అని అడిగాడు. మాచర్లలో ఉన్న మా చెల్లెలికి ఫోను చేసి చెబితే, "చానా పొగరక్కా ఆమెకి" అంది వెంటనే. మా చెల్లెలంటే నాకు అందుకే ఇష్టం.

పుట్టినరోజుకు ఇంకో మూడు రోజులుంది. మేడ మీద, పై వాటా పక్కన ఆరబెట్టిన వడియాలు తీయడానికి వెళ్ళాను. నా తోడికోడలి వంటగది కిటికీ అటువైపే ఉంటుంది. తెరిచి ఉంది. ఆమె పూలు చేసుకుంటోంది, నన్ను చూడలేదు. వడియాల గుడ్డ పట్టుకుని నిలబడిపోయాను. అన్ని రోజులూ ఫోన్లో చూసినప్పుడల్లా నా కళ్ళు కుడి చేతి మీదే ఉండేవి. ఇప్పుడు చూస్తే ఆమె కుడి చెయ్యి ఉన్నచోటే ఉంది, కొంచెం పైకి లేచి దిగుతోంది, అంతే. తిరుగుతున్నది ఎడమ చెయ్యి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, దీపానికి వత్తి చేసినట్టు మేకును తిప్పుతోంది. రేకు దానంతట అదే చుట్టుకుంటోంది.

ఆమె నన్ను అవమానించలేదు. పని చెప్పింది. నేను అడిగిన దానికి సరిగ్గా జవాబే చెప్పింది.

కాళ్ళు కాలుతున్నా అక్కడి నుంచి కదల్లేదు. సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది గాని, నాకు ముందు వచ్చింది కోపం. 'ఎడమ' అనే మూడక్షరాలు ముందు కలిపితే ఆమె సొమ్మేం పోయేది? అడిగొచ్చాక కూడా వారం రోజులు నేను మణికట్టు విరుచుకున్నాను కదా. ఆ కోపంతోనే కిందికి వచ్చి మేకు తిప్పాను. నాలుగో పువ్వు గులాబీ అయింది. ఎవరికీ చూపించలేదు. చేసినవన్నీ డబ్బాల్లో పెట్టి, ఫ్రీజర్లో బఠానీల సంచి వెనక దాచాను.

పుట్టినరోజున మా అమ్మాయి ఆ గులాబీలు పెట్టిన ముప్ఫై ఆరు కప్ కేకులు బడికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం ఖాళీ డబ్బాతో వచ్చింది. అందరికీ నచ్చాయంది. మీ పిన్ని చేసిందా అని అడిగారట. మా అమ్మే చేసిందని చెప్పిందట. నా గుండె నిండుతుండగానే, "అచ్చం పిన్ని పూలలాగే ఉన్నాయమ్మా" అంది.

సాయంత్రం నా తోడికోడలు కొత్త గౌను తీసుకుని దిగివచ్చింది. ఇంట్లోకి ఉంచిన కప్ కేకుల్లోంచి ఒకటి తీసి, నాలుగు వైపులా తిప్పి చూసింది.

"చెయ్యి తిరిగిందే అక్కా" అంది.

ఎడమదా, కుడిదా అని నేను అడగలేదు. కిటికీ సంగతీ చెప్పలేదు. ఇంకోటి తీసుకోమన్నాను, తీసుకుంది. మా అమ్మాయి వెళ్ళి ఆమెను ఆనుకుని కూర్చుని, వచ్చే ఏటికి చామంతులు నేర్పమని అడిగింది. ఆమెనే అడిగింది. నేను ఎదురుగానే ఉన్నాను.

వాళ్ళు పైకి వెళ్ళాక ఫోను తీసి, చామంతి ఎలా చేస్తారో వెతికాను. ఈసారి రెండు చేతులూ చూశాను.