అమ్మ తిథికి ఇరవై అంకెలు

అమ్మ పోయాక నెలనెలా మాసికాలు దశమి నాడే పెట్టాం. సంవత్సరీకం దగ్గరపడుతుండగా మా పెద్దమామయ్య ఇంకో పంచాంగం తెచ్చి, ఆవిడ పోయేసరికి ఏకాదశి వచ్చేసిందని పుల్ల పెట్టాడు. మా ఇంట్లో పంచాంగం ప్రకారం అప్పటికింకా దశమే. రెండింటికీ తేడా ముప్పావుగంట. రాజమండ్రి ఆసుపత్రి కాగితం మీద అమ్మ పోయిన టైము సరిగ్గా ఆ ముప్పావుగంటలోనే పడింది.

“ఏది పట్టుకున్నా దోషం లేదండి” అన్నారు పంతులుగారు. నాన్నకి ఆ మాట మింగుడుపడలేదు. బట్టల కొట్టు వదిలి, రెండు పంచాంగాలూ ముందేసుకుని కూర్చున్నారు.

“ఏడాదికి ఒక్కపూట మీ అమ్మకి అన్నం పెట్టేది. తప్పురోజున పెడితే ఎవరికి అందుతుందిరా? నీ కంప్యూటర్ని అడుగు.”

అప్పట్లో నేను భీమవరంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసేవాణ్ణి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి, గుడికన్నా మడి ఎక్కువ. తీరా చూస్తే ఆ కంప్యూటర్ మహానుభావుడికి తెలిసింది ఏడంకెలే. పంచాంగాల పద్ధతిలో కలియుగం మొదలైన నాటినుంచి రోజులు లెక్కపెడితే ఆ ఏడంకెలూ రోజులకే సరిపోతాయి. గంటలూ నిమిషాలూ ఎక్కడ పెట్టుకుంటాడు? చంద్రుడెక్కడున్నాడని అడిగితే పూటల తేడాతో చెప్పేవాడు.

అందుకని పెద్ద సంఖ్యని మూడేసి అంకెల ముక్కలుగా కోసి, చిన్నప్పుడు పలక మీద చేసినట్టే కుడివైపునుంచి గుణిస్తూ, చేతిలో మిగిలింది ఎడమ ముక్కకి కలిపే ప్రోగ్రాం రాశాను. గుణకారం లొంగింది గానీ భాగహారం నన్ను ఏడిపించింది. 042 అన్న ముక్కని ముందు సున్నా మింగేసి 42 అని చూపిస్తుంటే, అది తెలియక చాన్నాళ్లు చంద్రుణ్ణే తిట్టుకున్నాను.

చివరికి ఇరవై అంకెల దాకా లెక్క నిలిచింది. దశమి వెళ్లింది మధ్యాహ్నం రెండుంపావు దాటాక. ఆసుపత్రి కాగితం మీదున్నది అంతకు ఏడు నిమిషాల తరవాతి టైము. అంటే ఏకాదశే. గెలిచినట్టు ఇంటికొచ్చి చెప్పాను.

నాన్న ఆసుపత్రి కాగితం చేతిలోకి తీసుకున్నారు.

“ఆ టైము నర్సమ్మ వచ్చి చూసినప్పటిదిరా” అన్నారు. “రెండింటికి కరెంటు పోయింది. ఉక్కపోతకి తట్టుకోలేదని విసనకర్ర తీశాను. పడుకుందనుకుని విసురుతూనే ఉన్నాను. ఎప్పుడు పోయిందో నాకు తెలీదు.”

ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట. ముందు నాకు కోపం వచ్చింది, ఇన్నాళ్లూ నాచేత ఈ చాకిరీ ఎందుకు చేయించినట్టని. ఆ కోపం తీరకముందే ఏడుపొచ్చింది. ఆయనక్కావలసింది తిథి కాదు. అమ్మ పోయాక కూడా తను విసురుతూ కూర్చోలేదని ఎవరైనా చెప్పాలి. నా ఇరవై అంకెల్లో అది లేదు.

“మరి ఏ రోజు పెడదాం నాన్నా?” అన్నాను.

ఆయన పంచాంగాలు రెండూ మూసేశారు.

“దశమికే పెట్టు. నేను విసనకర్ర తీసేటప్పటికి దశమే కదా.”