నీలిముక్కు వానపిట్ట

నా చిన్నప్పుడు కొత్తపేట బజారులో మా తాతయ్యకు బట్టల కొట్టు ఉండేది. నేను నడక కంటే ముందు బేరం నేర్చుకున్నానని ఇంట్లో అనేవారు. అది పొగడ్తేననుకుని చాలా ఏళ్లు మురిసిపోయాను.

ఐదో తరగతిలో ఉండగా అమలాపురం నుంచి ఒక కాలేజీ మేష్టారు మా బడికి సైక్లోస్టైల్ కాగితాలు పట్టుకొచ్చారు. చెట్టూ చేమా, పురుగూ పిట్టా అంటే పిల్లలకు ఎంత ఇష్టమో కొలవడం ఆయన చదువులో భాగమట. ఇరవై ప్రశ్నలు. ఒక్కోదాని ఎదురుగా 'లేదు', 'కొంచెం', 'చాలా' అని మూడు గళ్లు. అందరికన్నా ఎక్కువ ఇష్టమున్న ఒకరిని లాంచీ మీద గోదావరి సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్లి పిట్టల్ని చూపిస్తానన్నారు. అప్పటికి నేను లాంచీ ఎక్కలేదు. ఇంకేముంది, ఇరవైకి ఇరవై 'చాలా' కొట్టేశాను. బేరం ఎప్పుడూ పైనుంచే మొదలెట్టాలి కదా.

నా పక్కన కూర్చునే పిల్ల వాళ్ల నాన్న చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవారు. ఆ పిల్ల ప్రతి ప్రశ్నకూ పెన్సిలు కొరుక్కుంటూ ఆలోచించింది. వాన ఇష్టమా అంటే 'లేదు' అని టిక్కు పెట్టి, పక్కన 'తడిసిన చెట్టు జారుతుంది. నాన్న దిగేదాకా కింద నిలబడతాను' అని రాసింది. కాకులు 'కొంచెం' ఇష్టమట. 'గూడున్న చెట్టెక్కితే నాన్న నెత్తిమీద పొడుస్తాయి. పిల్లలున్నాయి కదా, మరి.' అయ్యో, కాగితం పాడుచేసుకుందే అని జాలిపడ్డాను.

మర్నాడు సాయంత్రం మేష్టారు మా కొట్టుకే వచ్చి, మా ఇద్దరి కాగితాలూ చీరలు చూపించే పరుపు మీద పరిచారు.

"నీలిముక్కు వానపిట్ట చాలా ఇష్టమన్నావు. ఎక్కడ చూసేవమ్మా?"

"మా పెరట్లోనేనండి."

"తోక ఎలా ఉంటాదో?"

"పొడుగండి." ఆయన మొహం చూసి తగ్గించాను. "మరీ పొడుగు కాదండి, మధ్యరకం."

"అలాంటి పిట్ట లేదమ్మా. చూడకుండా టిక్కులు పెట్టేవాళ్లు తెలుస్తారని ఆ పేరు నేనే అల్లేను," అన్నారాయన మెల్లగా. తర్వాత తాతయ్యతో, "క్లాసంతా ఆ పిట్ట మీద ప్రాణం పెట్టేరండి, షావుకారుగారూ. ఒక్క ఈ రెండో కాగితం పిల్లే 'నేను చూడలేదండి' అని రాసింది. లెక్క చూస్తే దీనికే అందరికన్నా తక్కువొచ్చింది," అన్నారు.

తాతయ్య ఆ పిల్ల కాగితం రెండుసార్లు చదివారు. నన్ను తిట్టలేదు.

"ఏమే అమ్మడూ, మన కొట్లో చీర కొనేదెవరు? చూసినవన్నీ బాగున్నాయనేవాళ్లా, అంచు తిరగేసి వంకలు పెట్టేవాళ్లా?"

నాకు తెలియకపోతే కదా. "వంకలు పెట్టేవాళ్లే," అన్నాను.

"మరి లాంచీ ఎవరెక్కాలో నువ్వే చెప్పు."

ఆ పిల్ల పేరు చెప్పాను. చెప్పాక కూడా, "ఇద్దరికి కుదరదాండీ?" అని ఒక ప్రయత్నం చేశాను. మేష్టారు నవ్వేశారు కానీ కుదరలేదు.

ఆదివారం ఆ పిల్ల లాంచీ ఎక్కింది. నేను పెరట్లో గట్టు మీద కూర్చుని, నిజంగా మా ఇంటికి ఏ పిట్టలొస్తాయో మొదటిసారి చూశాను. అరటి బోదెల మధ్య ఒక జెముడుకాకి కోడిలా నడుచుకుంటూ వచ్చింది. ఎర్రటి కళ్లు. తోక పొడుగే.

ఇప్పుడు ఆ కొట్లో నేను కూర్చుంటున్నాను. చూపించిన అన్నిటికీ 'చాలా ఇష్టం' అనేవాళ్లు వస్తే రెండో చీరల మూట విప్పను. ఆ కాగితం మళ్లీ నా చేతికిస్తే, జెముడుకాకికి 'కొంచెం' అని పెట్టి పక్కన రాస్తాను: తెల్లారకముందే కూసి నిద్ర పాడుచేస్తుంది, రెండ్రోజులు కూత వినపడకపోతే పెరట్లోకి వెళ్లి వెతుక్కుంటాను.